ఖర్చు వాళ్లది, జవాబు మాది: అమెరికాలో ఫెడరల్ గ్రాంటు లెక్కలతో నా అనుభవం

ఫెడరల్ గ్రాంటు, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిధి, రాష్ట్రానికి వచ్చాక చాలావరకు కౌంటీలకూ స్వచ్ఛంద సంస్థలకూ వెళ్లిపోతుంది. ఖర్చు పెట్టేది వాళ్లు, వాషింగ్టన్‌కు జవాబు చెప్పుకోవలసింది రాష్ట్ర కార్యాలయంలో కూర్చున్న మేము. మన దగ్గర కేంద్ర పథకాలకు యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) పంపి ఊపిరి పీల్చుకున్నట్టు ఇక్కడ కుదరదు.

తప్పు సాధారణంగా వాళ్లతో మేం చేసుకునే ఒప్పందంలోనే పుడుతుంది. అందులో సంస్థ గుర్తింపు సంఖ్య యూఈఐ (12 అక్షరాలు, అంకెలు), గ్రాంటు నంబరు, అసిస్టెన్స్ లిస్టింగ్ నంబరు (ఫెడరల్ పథకానికి ఉండే సంఖ్య), పరోక్ష ఖర్చుల (ఆఫీసు నిర్వహణ లాంటి ఉమ్మడి ఖర్చుల) రేటు ఉండాలి. రెండో ఏడాది డబ్బు కొత్త గ్రాంటు నంబరు మీద వస్తుంది, సవరణ పత్రంలో మాత్రం పాత నంబరే కాపీ అవుతుంది. ఆడిటర్ ముందు పట్టుకునేది దాన్నే.

ఖర్చు పెట్టిన సొమ్ము ఇమ్మని వాళ్ల నుంచి క్లెయిములు వచ్చినప్పుడు నేను జీతాలు ముందు చూస్తాను. బడ్జెట్‌లో 40 శాతం అని రాసుకున్నారని 40 శాతం జీతం వేస్తే చెల్లదు, నిజంగా చేసిన పనికి రికార్డు కావాలి. తర్వాత పరోక్ష ఖర్చు. 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో డి మినిమిస్ రేటు (ప్రభుత్వంతో విడిగా రేటు కుదుర్చుకోని సంస్థలు వాడుకునేది) 10 నుంచి 15 శాతానికి పెరిగింది, అయితే అది మొత్తం మీద కాదు. 2 లక్షల డాలర్ల ప్రత్యక్ష ఖర్చులో 80 వేలు మరో సంస్థకు ఇచ్చారనుకోండి, అందులో మొదటి 50 వేలే లెక్కలోకి వస్తాయి. అంటే 1,70,000 మీద 25,500. చాలామంది 30,000 అడుగుతారు. పరికరాలు, అద్దె ఉంటే ఇంకా తగ్గుతుంది.

మూడు నెలలకోసారి ఎస్ఎఫ్-425 (గ్రాంటు ఖర్చుల రిపోర్టు ఫారం) పంపాలంటే గడువు 30 రోజులు. అసలు చిక్కు 10ఎఫ్ గడి: కట్టుబడి ఇంకా చెల్లించని సొమ్ము. కౌంటీకి రాసిచ్చి క్లెయిము రాని మొత్తం ఇక్కడ వేయడం మరిస్తే, 10హెచ్ గడిలో, ఇంకా ఎవరికీ కట్టుబడని మిగులు ఉబ్బి కనబడుతుంది. డబ్బు ఎందుకు మురగబెట్టారని ఫోన్ వస్తుంది. చివరి రిపోర్టులో 10ఎఫ్ సున్నా కావాలి.

30 వేల డాలర్లు, ఆ పైన ఇచ్చిన ప్రతి ఉప గ్రాంటునూ మరుసటి నెలాఖరులోగా ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైట్ శామ్.గవ్‌లో చూపాలి. మొదట 20 వేలే ఇచ్చాం కదా అని వదిలేసి, తర్వాత 15 వేలు కలిపినప్పుడు మరచిపోవడం మామూలే.

సింగిల్ ఆడిట్ (సంస్థ ఫెడరల్ సొమ్మంతటికీ కలిపి చేసే ఆడిట్) తప్పనిసరయ్యే హద్దు ఏడాదికి 7.5 లక్షల నుంచి 10 లక్షల డాలర్లకు పెరిగింది. అది మా గ్రాంటు ఒక్కటే కాదు, సంస్థ ఖర్చుపెట్టిన ఫెడరల్ సొమ్మంతా కలిపి. హద్దు లోపలున్న చిన్న సంస్థల పుస్తకాలు ఆ ఆడిట్‌కు అందవు కాబట్టి స్వయంగా వెళ్లి చూడాల్సింది వాళ్లవే.

గ్రాంటు కాలం ముగిశాక ముగింపు లెక్కలకు ఉప గ్రహీతకు (మా నుంచి డబ్బు తీసుకున్న కౌంటీకి, సంస్థకు) 90 రోజులు, మాకు 120. మధ్యలో మిగిలేది 30 రోజులే. ఇంతకంటే ముందు తేదీ పెట్టుకునే వీలు నిబంధనల్లోనే ఉంది కనుక, ఒప్పందంలో నేను 60 రోజులే రాస్తాను.