నా నోటితో నేనే చెప్పాలి

పూర్వ విద్యార్థుల సంచిక అనగానే వార్షికోత్సవం నాటకాలు, హాస్టల్ అల్లరి, ఆటల పోటీలు ఎలాగూ వస్తాయి. వాటి గురించి నాకన్నా బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉన్నారు. నేను శనివారం సాయంత్రం సత్యోపదేశం క్లాసు, అంటే మతపాఠాల క్లాసు గురించి రాస్తాను. జ్ఞానస్నానం పొందినవాళ్లకు పీఠాధిపతులు, అంటే బిషప్‌గారు, నుదుట నూనె రాసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం ఒకటుంది. పూజ పుస్తకంలో దానికి భద్రమైన అభ్యంగనం అని ఉంటుంది కానీ మేమంతా కన్ఫర్మేషన్ అనే అనేవాళ్లం. తొమ్మిదో తరగతిలో దానికి తయారయ్యే కతోలిక పిల్లలకు మాత్రమే ఆ క్లాసు. మిగతావాళ్లు గ్రౌండులో ఆడుకుంటూ వేసే కేకలు కిటికీలోంచి వినబడుతుంటే, మేం లోపల కూర్చుని జ్ఞానస్నానం లాంటి ఏడు దివ్యసంస్కారాలు వరసగా అప్పజెప్పాలి. మొదట్లో ఆ క్లాసు మీద మా భక్తి ఎంతో చెప్పనక్కర్లేదు.

పైగా సీనియర్లు భయపెట్టారు. పీఠాధిపతులు నూనె రాసి చెంప మీద ఒక్కటి ఇస్తారట, కళ్లలో నీళ్లు తిరిగితే విశ్వాసం చాలనట్టట. మాలో ఒకడు నిజంగానే టెన్షన్ పడి మాస్టారిని అడిగేశాడు. ఆయన పడీ పడీ నవ్వారు. పూర్వం చెంప మీద మెల్లగా తట్టే ఆచారం ఉండేదని, ఆరో పౌలు పోపుగారి కాలంలో, 1971లో కర్మకాండను సవరించినప్పుడు దాన్ని తీసేశారని చెప్పారు. ఇప్పుడు పీఠాధిపతులు "సమాధానం మీకు కలుగునుగాక" అంటారు, అంతే. సీనియర్ల మాట మీద మాకున్న గౌరవం ఆ రోజుతో పోయింది.

ఆ నవ్వుతోనే అనుకుంటా, క్లాసులో నోళ్లు తెరుచుకున్నాయి. పసితనంలోనే జ్ఞానస్నానంలో పవిత్రాత్మను పొందామంటున్నారు కదా, మరి మళ్లీ ఇదెందుకు అని ఎవరో అడిగారు. మాస్టారు జవాబు చెప్పలేదు. అపోస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయం చదువుకుని రమ్మన్నారు. సమరియాలో జ్ఞానస్నానం అయిపోయినవాళ్ల దగ్గరకే పేతురు, యోహాను వెళ్లి, ప్రార్థించి, చేతులుంచిన ఘట్టం అది. మరి సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం, ముందెందుకు తీసుకున్నాం, వరస తప్పలేదా అని ఇంకొకరు పట్టుకున్నారు. తొలి శతాబ్దాల్లో అభ్యంగనం తర్వాతే సత్ప్రసాదం ఉండేదని, 1910లో పదో పయస్ పోపుగారు పిల్లలకు ఏడేళ్లప్పుడే సత్ప్రసాదం ఇవ్వొచ్చన్నాక చాలాచోట్ల వరస మారిందని అప్పుడే తెలిసింది. తూర్పు సంప్రదాయపు క్రైస్తవ సంఘాల్లో అయితే చంటిపిల్లలకు జ్ఞానస్నానంతో పాటే అభ్యంగనం కూడా ఇచ్చేస్తారట. అంటే ఇది పెద్దవాళ్లమయ్యామని ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఈ సంగతి ఇప్పటికీ చాలామంది తల్లిదండ్రులకు తెలియదని నా అనుమానం. కన్ఫర్మేషన్ అయిన మర్నాటి నుంచి పిల్లలు గుడి వైపు రాకపోవడానికి సగం కారణం, ఇంట్లో దాన్ని వీడ్కోలు సభలా జరపడమే.

ఆత్మ ఇచ్చే ఏడు వరాలను బట్టీ పట్టించడం మాస్టారికి ఇష్టం లేదు. ఒక్కొక్కరం ఒక్కో వరం ఎంచుకుని, వారమంతా దాని కోసం ప్రార్థించి రావాలి. మగపిల్లలందరం బలమే కోరుకున్నాం. ఆయన తల పట్టుకున్నారు.

ఒక శనివారం నా బెంచీలో కూర్చునేవాడు లేచాడు. అంతకు ముందు ఏడాదే వాళ్ల నాన్న జబ్బు చేసి పోయారు. "మాస్టారూ, మా ఇంట్లో అందరం రోజూ జపమాల చెప్పాం. ఆయనకెందుకు తగ్గలేదు?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, లెక్కల్లో సందేహం అడిగినట్టే అడిగాడు. దేవుని చిత్తం అనో, పరలోకంలో ఉన్నారనో అంటారని ఎదురుచూశాం. మాస్టారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "నాకు తెలీదురా. నేనూ అడుగుతూనే ఉన్నాను" అన్నారు. తర్వాత పదమూడో కీర్తన తీయించారు. ఇంకా ఎంతకాలం నన్ను మరచిపోతావు అని దేవుణ్ణే నిలదీసే కీర్తన అది. అలాంటి మాటలు బైబిల్లో ఉన్నాయని మాకు తెలియదు. ప్రార్థన అంటే దణ్ణం పెట్టి మంచిగా మాట్లాడటమే అనుకునేవాణ్ణి. ఫిర్యాదు కూడా ప్రార్థనే అవుతుందన్నది నా విశ్వాసంలో నేను సొంతంగా వేసుకున్న మొదటి మెట్టు.

సేవా కార్యం కింద నాకు ఒక పనప్పగించారు. చూపు పోయిన ఒక వృద్ధ గురువుకు, అంటే ఫాదర్‌గారికి, మార్కు సువార్త చదివి వినిపించాలి. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, పదహారు అధ్యాయాలే. ఆయన కళ్లు మూసుకుని పడుకునేవారు. నిద్రపోయారనుకుని ఒక వాక్యం దాటేస్తే, "ఆ మధ్యలోది ఏదీ?" అనేవారు. అలా దాటేయకుండా చదువుతుంటేనే తొమ్మిదో అధ్యాయంలో, జబ్బు పిల్లవాడి తండ్రి ఏడుస్తూ అనే మాట దగ్గర ఆగిపోయాను. నమ్ముతున్నాను, నా అపనమ్మకాన్ని తీసెయ్యి అంటాడు. రెండూ ఒకే నోటి నుంచి. పరుగున వెళ్లి నా బెంచీలోని మావాడికి చూపించాను. వాడు చదివి, "అక్కడ ఆ అబ్బాయి బాగయ్యాడు కదరా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడు వాడు అభ్యంగనం తీసుకోనన్నాడు. పసితనంలో పెద్దవాళ్లు తన తరఫున చెప్పిన జ్ఞానస్నాన వాగ్దానాలు ఈసారి తన నోటితో చెప్పాలి కాబట్టి, చెప్పగలిగినప్పుడే చెప్తానన్నాడు. ఇంట్లోవాళ్లు బాధపడ్డారు. మాస్టారు మాత్రం వాళ్లమ్మగారితో, "వాడు దీన్ని మిగతావాళ్ల కంటే సీరియస్‌గా తీసుకున్నాడమ్మా, ఆగుదాం" అన్నారు. మా అందరిలో ఆ క్లాసు పాఠం పూర్తిగా ఒంటబట్టింది వాడికేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా పండుగ బాగానే జరిగింది. ఆడపిల్లలు నుదుటి మీద పడకుండా జుట్టు వెనక్కి లాగి క్లిప్పులు పెట్టుకున్నారు. పీఠాధిపతులు బొటనవేలు పరిమళ తైలంలో ముంచి నుదుట సిలువ గుర్తు వేశారు. ఆలివ్ నూనెలో సుగంధ ద్రవ్యం కలిపి, పవిత్ర వారంలో పీఠాధిపతులే ఆశీర్వదించే తైలమది. పూజ చివర్లో వేళ్ల జిడ్డు పోవడానికి ఆయన నిమ్మచెక్కలతో రుద్దుకోవడం కూడా చూశాను. పెంతెకోస్తు నాడు శిష్యుల మీద దిగిన అగ్నిజ్వాలల్లాంటివేవీ నాకు కనిపించలేదు. "విశ్వసించుచున్నాను" అని అన్నప్పుడు మాత్రం, ఆ మాట మా అమ్మానాన్నల తరఫున కాక నా తరఫున అంటున్నట్టు తెలిసింది.

పీఠాధిపతులు మళ్లీ మా విచారణకు, అంటే మా పారిష్‌కు, వచ్చేసరికి మావాడు సిద్ధమయ్యాడు. అభ్యంగనంలో తన పక్కన నిలబడే జ్ఞానతండ్రిగా నన్ను ఉండమన్నాడు. దానికి కనీసం పదహారేళ్లుండాలి, నాకు అప్పుడే నిండాయి. మామయ్యలూ బాబాయిలూ ఉండగా నేనెందుకురా అంటే, "నీ దగ్గర కూడా జవాబు లేదుగా, అందుకే" అన్నాడు. వాడి కుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఇప్పుడు వాడే వాళ్ల విచారణలో సత్యోపదేశం చెబుతున్నాడు. అప్పట్లో వాడు నాన్న గురించి అడిగిన ప్రశ్నలాంటిదే పిల్లలు ఏదో ఒకటి ఏటా అడుగుతారట. పదమూడో కీర్తన తీయిస్తాడట.