రెండు కడ్డీల మధ్య

యాక్సిడెంట్‌లో నా ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కుట్లు మానితే కాలు పెట్టేస్తారనుకున్నాను. అలా కాదు. ముందు వాపు తగ్గాలి, మిగిలిన కాలు ఒక రూపానికి రావాలి, అప్పుడే సాకెట్‌కి, అంటే మిగిలిన కాలు దూర్చే కృత్రిమ కాలి పైభాగపు గిన్నెకి, అచ్చు తీస్తారు. రోజూ అమ్మే క్రేప్ బ్యాండేజీ చుట్టేది, 8 అంకెలా ఏటవాలుగా, కింద బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా. రాత్రిళ్లు లేని బొటనవేలు దురద పెట్టేది. గోక్కోవడానికి చెయ్యి దానంతటదే వెళ్లేది.

కొత్త కాలు తొడిగిన రోజు నన్ను పేరలల్ బార్స్ మధ్య, అంటే పక్కపక్కనే ఉండే రెండు కడ్డీల మధ్య, నిలబెట్టారు. "బరువు చేతుల మీద కాదండీ, కాలి మీద వేయండి" అంటారు ఫిజియో మేడమ్. నాకేమో టెన్షన్‌తో కడ్డీలు వదలబుద్ధి కాదు.

ఈ పేరుతో ఒలింపిక్స్‌లో ఆట కూడా ఉంది కదా అని ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే జార్జ్ ఐసర్ కనిపించాడు. 1870లో జర్మనీలోని కీల్‌లో పుట్టాడు, 14 ఏళ్లకి అమెరికా చేరాడు. రైలు కింద పడి ఎడమ కాలు పోయింది, చెక్క కాలు పెట్టుకున్నాడు. సెయింట్ లూయిస్‌లో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూ జర్మన్ల వ్యాయామ క్లబ్బు కన్‌కార్డియాలో సాధన చేసేవాడు. 1904 అక్టోబర్ 29న, ఒక్క రోజులో 6 ఒలింపిక్ పతకాలు గెలిచాడు. పేరలల్ బార్స్‌లో, తాడు ఎక్కడంలో, వాల్ట్‌లో బంగారం.

తాడు ఎక్కడం చేతుల బలం అనుకుందాం. వాల్ట్‌లో పరుగెత్తాలి, దిమ్మె మీదుగా ఎగరాలి, నేల మీదకి దిగాలి. నాకు ఒక్క మెట్టు దిగితేనే సాకెట్ అంచు ఎముకకి గుచ్చుకునేది. అతను చెక్క మీద దిగాడు!

మూడో వారంలో నా కాలు ఇంకా సన్నబడి సాకెట్ వదులైంది. రాసుకుని పొక్కింది. మానేదాకా తొడగొద్దన్నారు. ఆ రోజుల్లో నాకు ధైర్యం ఇచ్చింది పతకాలు కాదు. ఆ 1904లోనే జూలైలో పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ కలిపిన పోటీలో ఐసర్‌ది 118వ స్థానం. ఆ తర్వాతే అక్టోబర్.

ఇప్పుడు సాకెట్ వదులు కాకుండా లోపల రెండో సాక్స్ వేసుకుంటున్నాను. కాలు తీయగానే అద్దంలో చర్మం చూసుకుంటాను, ఎర్రమచ్చ పది నిమిషాల్లో పోకపోతే ఆ పూట నడక ఆపేస్తాను.

నిన్న కడ్డీలు వదిలి గోడ దాకా వెళ్లాను. పదకొండు అడుగులట. అమ్మ లెక్కపెట్టింది.