పని ప్లాటినానిది, పేరు రొయ్యల తొక్కలది

మూడు వారాలు ల్యాబ్‌లో కాలర్ ఎగరేసుకుని తిరిగా, నాలుగో వారం ఒక గ్రాఫైట్ కడ్డీ వచ్చి పరువు తీసింది.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు పక్కన, చిన్నాయనకి రొయ్యల గుంటలు ఉండాయి. నా పీహెచ్‌డీ ఏమో నీళ్ళలోంచి కరెంటుతో హైడ్రోజన్ తీయడం మీద. ఆ పనికి ప్లాటినాన్ని మించిన క్యాటలిస్ట్, అంటే రియాక్షన్‌ని తేలిగ్గా నడిపించేది, లేదు, దాని రేటు సంగతి చెప్పక్కర్లేదు. రొయ్య తొక్కలో కైటిన్ ఉంటది, కైటిన్‌లో నైట్రోజన్ ఉంటది, గాలి తగలకుండా కాలిస్తే నైట్రోజన్ కలిసిన కార్బన్ వస్తది, దాంతో పని కానిద్దామని నా ప్లాను. సంక్రాంతికి ఇంటికెళ్ళి అడిగితే "ఆ తొక్కలతో ఏం చేస్తావు పాపా, మేతకి తీసుకుపోయేవోళ్ళే బేరాలాడతారే" అని నవ్వి ఒక గోతం ఎండబెట్టి ఇచ్చాడు. బస్సు కావలి దాటేలోపు కండక్టర్ రెండుసార్లు వాసన ఎక్కడిదా అని సీట్లకింద వెతుక్కున్నాడు, నేను కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నా.

తొక్కల్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే బుసబుసా నురగొచ్చి సున్నమంతా పోతది. మిగిలిందాన్ని ఫర్నేస్‌లో నైట్రోజన్ వదులుతా 800 డిగ్రీల దగ్గర కాలిస్తే నల్లటి పొడి. దాన్ని నాఫియాన్ అనే జిగురులాంటి పాలిమర్ కలిపి ఇంకులా చేసి 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద ఒక్క చుక్క వేయాలి. అంతకుముందు ఆ ఎలక్ట్రోడ్‌ని అల్యూమినా పొడితో గుడ్డ మీద ఎనిమిది అంకె దిద్దతా దిద్దతా అద్దంలా మెరిసేదాకా రుద్దాలి, నా మణికట్టు నొప్పి అక్కడిదే.

మొదటిరోజు ఆ ఎలక్ట్రోడ్‌లో కరెంటే పారలా. ఎంతసేపు నిలబడతదో చూద్దామని రాత్రంతా వోల్టేజ్ పెంచతా తగ్గిస్తా తిరిగే సైకిల్స్ పెట్టి హాస్టల్‌కి పోయా, తెల్లారి చూస్తే పెరిగుంది, వెయ్యి సైకిల్స్ అయ్యేసరికి ఇంకా పెరిగింది. వాడేకొద్దీ అరగాల్సింది బలవడం ఏందబ్బా అని అప్పుడే అనుమానం రావాలి. రాలా. "యాక్టివేషన్" అని పేరుపెట్టి స్లైడ్లు కూడా చేసేశా.

మా గైడ్ సార్ గ్రాఫ్ చూసి ఒకటే అడిగారు, కౌంటర్ ఎలక్ట్రోడ్ (సర్క్యూట్ పూర్తవడానికి ఎదురుగా ముంచే రెండోది) ఏది అని. ప్లాటినం తీగ సార్ అన్నా. ఆయన ఇంకేం మాట్లాడలా.

జరిగిందేందంటే, ఎలక్ట్రోడ్‌కీ ద్రావణానికీ మధ్య అసలు యాపారమంతా ఒక నానోమీటర్ మందంలోనే నడుస్తది. ఆ కాస్త దూరంలో ఒక వోల్ట్ పడిందంటే మీటరుకి వంద కోట్ల వోల్ట్‌ల లెక్క, అంత ఒత్తిడి. అక్కడ ఏ కొత్త లోహం వచ్చి కూర్చున్నా కథ మారిపోద్ది. ఎలక్ట్రోడ్లు ముంచిన నా సెల్‌లో అటు పక్కన తీగలోంచి ప్లాటినం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లోకి కొంచెం కొంచెంగా కరగతా, ఇటు నెగటివ్‌గా ఉన్న నా కార్బన్ మీద అతుక్కుంటా ఉంది. పిసరంత చాలు. క్యాటలిస్ట్ హైడ్రోజన్‌ని మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు, మరీ వదులైతే అసలు ఎక్కదు, 1912లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చుకున్న ఫ్రెంచాయన సబాటియే పేరుమీద ఉన్న సూత్రం ఇదే, ప్లాటినం ఆ మధ్యలో కరెక్టుగా నిలబడతది.

కొత్త యాసిడ్, కొత్త ఎలక్ట్రోడ్, కౌంటర్‌కి గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్ళీ వెయ్యి సైకిల్స్ వేశా, గ్రాఫ్‌లో కరెంటు గీత నేలకరుచుకుని పడుకుంది. పాత ఎలక్ట్రోడ్‌ని ఎక్స్‌పీఎస్‌కి (పైపొరలో ఏ మూలకాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) పంపితే 71 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ప్లాటినం బుడిపె బుద్ధిగా కనపడింది. దీని గురించి హెచ్చరికలు ఎప్పట్నుంచో ఉన్నాయి, నేనూ చదివా, చదివి కూడా ఆ తీగే పెట్టా. ఇప్పుడు "లోహం లేని క్యాటలిస్ట్" అని ఏ పేపరొచ్చినా ముందు కౌంటర్ ఏం వాడారో వెతికి తర్వాతే మిగతాది చదవతన్నా.

నిన్న చిన్నాయన ఫోన్ చేశాడు, ఇంకో గోతం ఎండబెట్టుంచా, ఎప్పుడొస్తావు అని. పని చేయలేదని చెప్పడానికి నోరు రాలా. ఈసారి ఐరన్ కలిపి కాల్చి చూద్దామని ఉందిలే, గోతంలో వద్దు, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టమన్నా.