ఉత్తరం లేని ఎడిసన్

సెలవు పెట్టుకున్నానన్న మాటే గానీ చేసిందేమీ లేదు. పొద్దున పిండి మర పట్టించుకొచ్చాను. మధ్యాహ్నం పాపకి లైబ్రరీ నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకం చదివి పెట్టాను. ఎడిసన్ చిన్నతనం. 1847, ఒహాయోలో మిలాన్ అనే ఊరు, ఊయలలో బుగ్గల పిల్లాడు. తర్వాత మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌కి మకాం.

పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య, "ఆ ఉత్తరం కథ రాలేదేమిటమ్మాయ్?" అన్నారు. వాట్సాప్‌లో తిరిగేదే. మీవాడికి బుర్ర లేదని బడివాళ్లు రాసి పంపితే, తల్లి దాన్ని "మీవాడు మేధావి, వాడికి చెప్పగల టీచర్లు మా దగ్గర లేరు" అని చదివి వినిపించిందట. ఆవిడ పోయాక అసలు ఉత్తరం దొరికి ఎడిసన్ ఏడ్చాడట. అది కట్టుకథ అత్తయ్యా అన్నాను. మేష్టారు తనని మందబుద్ధి అనడం పిల్లాడే విన్నాడు, వెళ్లి అమ్మకి చెప్పేశాడు. ఆ తల్లి నాన్సీ ఒకప్పుడు టీచరే. బడికెళ్లి మేష్టారితో దెబ్బలాడి, వాణ్ణి మానిపించి, ఇంట్లో తనే చదువు చెప్పింది. నాకు ఈ తల్లే నచ్చింది. అత్తయ్య ఒప్పుకోలేదు. "ఏడుపొచ్చేది అదేగా" అన్నారు.

పాపకి ఇవేవీ పట్టలేదు. రైలు పేజీ దగ్గర అతుక్కుపోయింది. పన్నెండేళ్లకే గ్రాండ్ ట్రంక్ రైల్లో డెట్రాయిట్ దాకా పేపర్లు, మిఠాయిలు అమ్మేవాడు. సామాన్ల బోగీలో ఓ మూల సీసాలు పెట్టుకుని ప్రయోగాలు. భాస్వరం పుల్ల కిందపడి చెక్కనేల అంటుకుంది. బొమ్మలో కండక్టర్ మీసాలు పొగలోంచి ముందుకు పొడుచుకొచ్చాయి. అతను చెవి మీద కొడితే చెవుడొచ్చిందని పుస్తకం. ఎడిసన్ పెద్దయ్యాక చెప్పింది వేరు: కదులుతున్న రైలెక్కబోతుంటే ఎవరో రెండు చెవులూ పట్టి పైకి లాగారని. పాప వెంటనే తన చెవి లాగి చూసుకుంది.

పుస్తకమంతా వాణ్ణి పాపం, పాపం అన్నట్టే చూపించారు. నాకది విసుగనిపించి, అందులో లేనిది చెప్పాను. 1862 ఏప్రిల్, అమెరికా అంతర్యుద్ధం, షైలో దగ్గర ఘోరమైన పోరు. ఆ వార్త చూడగానే వీడు ముందున్న స్టేషన్లకి టెలిగ్రాం కొట్టించి, బోర్డుల మీద రాయించాడు. తర్వాత వెయ్యి కాపీలు అప్పుకి తెచ్చుకున్నాడు. రైలు ఆగేసరికి ప్లాట్‌ఫారం నిండా జనం. ఐదు సెంట్ల పేపరు పది చేశాడు, చివరికి ఇరవై ఐదు. ఇది తనే తర్వాత చెప్పుకున్నాడు.

"అంత ఎక్కువకా? మోసం కదమ్మా?" అంది పాప.

"మోసమెందుకవుతుందే, వ్యాపారం!" అన్నారు అత్తయ్య, కూరలబండి దగ్గర రూపాయి కోసం పావుగంట బేరమాడే మనిషి. ఉత్తరం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత అప్పిచ్చినవాడికి డబ్బు కట్టాడా లేదా అని మాత్రం రెండుసార్లు అడిగారు.