సిమెంటు కోర్టు నుంచి క్రీడా కోటా దాకా

విశాఖలో బాస్కెట్‌బాల్‌నే బతుకుతెరువు చేసుకోవాలనుకునే కుర్రాడికి మొదట అడ్డొచ్చేది ఉక్కపోత. గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మూడో క్వార్టర్‌కే పిక్కలు పట్టేస్తాయి. ఉత్త నీళ్లు చాలవు, ఉప్పేసిన మజ్జిగ పడాలి. సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ దాదాపు లీటరున్నర, కొంచెం కొంచెంగా తాగాలి.

ఇక షాట్. రింగు ఎత్తు 3.05 మీటర్లు, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరం. ఆట చివర్లో బంతి రింగుకి అందకపోతే చేతిని తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు మోకాళ్లది. అలిసిన కాళ్లు వంగవు, భుజం తోస్తుంది, బంతి వంపు లేకుండా పోతుంది. అందుకే ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు, ఆయాసపడుతున్నప్పుడే సాధన చేయాలి. ఆర్కే బీచ్ ఇసుకలో పరుగులంటారా, ఫొటోలకి బాగుంటాయి. చీలమండ బెణికితే మాత్రం వారాలు పోతాయి.

పంజాబ్ ఆటగాడు సత్నామ్ సింగ్‌ని 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని డాలస్ మావెరిక్స్ జట్టు, కొత్త ఆటగాళ్లని పంచుకునే డ్రాఫ్ట్‌లో 52వ ఎంపికగా తీసుకుంది, అయినా ఆయన ఎన్‌బీఏ మ్యాచ్ ఆడలేదు. ఇక్కడ నిలకడైన జీతమంటే రైల్వే, నేవీ లాంటి చోట్ల క్రీడా కోటాయే. టోర్నీ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇనిషియల్ మారినా ఫైలు ఆగొచ్చు. అందుకున్న రోజే సరిచూసుకోండి.