రాత్రి తీసిన తాబేళ్లు గోడకెక్కేదాకా

జులై 6

గ్యాలరీ ఖాయమైంది. విశాఖలో ఒక యూనివర్సిటీ ఆర్ట్ గ్యాలరీ, అక్టోబర్ 2 నుంచి 8 దాకా, అంటే వన్యప్రాణి వారోత్సవాలు జరిగే వారమంతా మాకిచ్చారు. ఆరుగురం కలిసి వన్యప్రాణుల ఫోటో ప్రదర్శన పెడుతున్నాం. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో కెమెరా పట్టేవాళ్లమే. ఒకాయన కొల్లేరు గూడబాతులు పెడుతున్నారు, ఇంకొకాయన కోరంగి మడ అడవిలో బావురు పిల్లి కోసం రెండేళ్లు తిరిగారు. నా వంతుకు తూర్పు గోడ వచ్చింది, ఏడు ఫోటోలు. మూడు సీజన్లుగా మా తీరంలో తీసిన ఆలివ్ రిడ్లే తాబేళ్లవి నా దగ్గర నాలుగు వేలకు పైగా ఉన్నాయి. అందులోంచి ఏడు తియ్యాలి.

జులై 20

రెండు వారాలు కూర్చుంటే అరవైకి వచ్చాయి. పోయినవాటిలో ఎక్కువ రాత్రివే. ఆలివ్ రిడ్లేలు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, అదీ చీకటిపడ్డాక. అటవీ శాఖ అనుమతి తీసుకుని, హేచరీ (గుడ్లని కాపాడి పిల్లల్ని పొదిగించే చోటు) వాళ్ల వెంటే నడిచాం. ఫ్లాష్ లేదు, తెల్ల టార్చి లేదు. దారి చూసుకోవడానికి ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి ఒక్కటే. తల్లి గుంట తవ్వుతున్నంతసేపూ దూరంగానే కూర్చోవాలి. అప్పుడు అలికిడైతే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది. పెట్టడం మొదలయ్యాక మాత్రం పెద్దగా కదలదు, అప్పుడు వెనక వైపు నుంచి దగ్గరికి వెళ్లొచ్చు. నాకు నచ్చిన ఫోటో అలా దొరికిందే: అష్టమి వెన్నెల, ట్రైపాడ్, 35 ఎంఎం లెన్స్, లెన్స్ బాగా తెరిచి (ఎఫ్ 1.8), వెలుతురుకి కెమెరా స్పందన బాగా పెంచి ఐఎస్‌ఓ 6400, షట్టర్ రెండు సెకన్లు. ఇసుకలో సగం కూరుకుపోయిన డిప్ప, తడి కన్ను. ఆ తడిని అందరూ ఏడుపు అనుకుంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథి అలా బయటికి పంపిస్తుంది.

ఆగస్టు 3

అన్నిటికంటే బాగా వచ్చిన ఫోటోని ఈరోజు పక్కన పెట్టేశాను. తెల్లవారుజామున పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు తీసింది. దోసిట్లో తాబేలు పిల్ల, వెనకాల ఎర్రటి ఆకాశం, పిల్ల ముందుకాళ్లు రెక్కల్లా చాపుకుని ఉంది. మా గ్రూపులో ఐదుగురూ ఇదే పోస్టర్ మీద వెయ్యాలన్నారు. నేనూ ఒప్పేసుకున్నాను. నిన్న మా అక్క కూతురు ఫోన్లో చూసి, "మావయ్యా, మనం కూడా వెళ్లి ఇలా పట్టుకోవచ్చా?" అంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఆ ఫోటో చూసినవాళ్లకి ముందు కలిగే కోరిక అదే. ఆ చేతులు హేచరీలో పనిచేసే మనిషివని, గంపలోంచి తీసి తడి ఇసుక మీద పెట్టే క్షణమని కింద ఎంత రాసినా, చూసేవాళ్లు ఫోటోనే గుర్తుపెట్టుకుంటారు. ఈ జాతి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్లో ఉంది, సరదాకి పట్టుకునేది కాదు. అసలు సంగతి, పిల్లలు ఆ ఇసుక మీద తమంతట తామే నడిచి వెళ్లాలి.

దాని బదులు మనుషులెవరూ లేనిది పెడుతున్నాను: తడి ఇసుక మీద ఒక్క పిల్ల, ఎదురుగా అల నురుగు, వెనకాల దాని పొట్ట గీసిన సన్నటి గీత. కెమెరాని ఇసుకకి ఆనించి తీసింది, అందుకే అల కొండంత కనిపిస్తుంది. అందంలో దోసిలి ఫోటోకి సాటి రాదు. అయినా ఇదే ఉంటుంది.

ఆగస్టు 17

మొదటి ప్రింట్లు వచ్చాయి. చూసి నీరసం వచ్చింది. ల్యాప్‌టాప్‌లో వెన్నెలలా ఉన్నది కాగితం మీద బొగ్గులా ఉంది. స్క్రీన్ తనే వెలుగునిస్తుంది, కాగితానికి గదిలో వెలుగే దిక్కు. తప్పు నాదే, బ్రైట్‌నెస్ నిండా పెట్టుకుని ఎడిట్ చేశాను. ఇప్పుడు మూడో వంతుకి తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను. ఫోటో మొత్తం ప్రింట్ తీయించకుండా, బాగా చీకటిగా ఉన్న భాగంలోంచి నాలుగంగుళాల పట్టీ కత్తిరించి, మామూలుగా ఒకటి, అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచి ఒకటి, ఒక స్టాప్ పెంచి ఒకటి, మూడూ ఒకే కాగితం మీద వేయించాను. డిప్ప అంచు ఇసుకలోంచి విడిగా కనపడాలంటే అర స్టాప్ పైన కొంచెం కావాల్సి వచ్చింది. ఒక స్టాప్ పెంచితే రాత్రి పోయి మబ్బు పట్టిన సాయంత్రం అయిపోయింది.

సైజుల దగ్గర కూడా తగ్గాను. నా కెమెరా ఫోటో 6000 పిక్సెళ్ల వెడల్పు, 24 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 250 పడతాయి. పగటి ఫోటోలకి హాయిగా సరిపోతుంది. ఐఎస్‌ఓ 6400లో తీసినవి మాత్రం 18 అంగుళాల దగ్గర ఆపితేనే నాయిస్ (చీకటి ఫోటోల్లో కనిపించే చుక్కలు) ఇసుకలో కలిసిపోతోంది.

ఆగస్టు 24

అద్దం వద్దని తేల్చుకున్నాం. రాత్రి ఫోటోకి అద్దం వేస్తే చూసేవాళ్లకి తమ మొహమే కనిపిస్తుంది. గ్యాలరీలో ఒక పాత ఫ్రేములో పెట్టి చూశాను, తాబేలు కంటే ట్యూబ్‌లైట్ బాగా కనిపించింది. మెరవని మ్యాట్ కాగితం మీద ప్రింట్, తేలికైన ఫోమ్ షీట్ అయిన సన్‌బోర్డ్ మీద మౌంటింగ్, అద్దం లేదు. ఒక్కోదానికి అన్నీ కలిపి 2,400 దాకా అయింది.

సెప్టెంబర్ 7

క్యాప్షన్లు. తెలుగు పైన, ఇంగ్లీషు కింద, ఒక్కోటి నలభై మాటలు దాటకూడదని నియమం. గూడు ఎక్కడ చూశానో ఎందులోనూ రాయలేదు. 'విశాఖ తీరం' అని మాత్రమే.

అచ్చుకిచ్చే ముందు హేచరీ దగ్గర కాపలా ఉండే తాతకి అన్నీ చదివి వినిపించాను. అరవై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి చేపల వేటకెళ్లినవాడు. తెల్లారి ఇసుక మీద తాబేలు జాడ ఫోటో కింద నేను 'గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తున్న జాడ' అని రాశాను. ఆయన ప్రింట్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వేలితో చూపించాడు.

"ఇది ఎక్కిన జాడ కాదు బాబూ, దిగిన జాడ. ఇసక ఎటు తోసిందో చూడండి."

కాళ్లతో ఇసుకని వెనక్కి తోసుకుంటూ పోతుంది కాబట్టి, ప్రతి గుంటకీ వెనక వైపు చిన్న దిబ్బ ఉంటుంది. ఫోటోలో దిబ్బలన్నీ ఒడ్డు వైపే ఉన్నాయి. మూలన రెండు జాడలు ఒకదాన్నొకటి దాటిన చోటు కూడా ఉంది, పైనున్నది తర్వాతది. ఆ ఫోటోని నేను వందసార్లు చూసి ఉంటాను. క్యాప్షన్ మార్చి, దిక్కు ఎలా కనిపెట్టాలో కూడా ఆయన చెప్పినట్టే రాశాను.

సెప్టెంబర్ 14

చనిపోయిన తాబేలు ఫోటో పెట్టాలా వద్దా అని గ్రూపులో గట్టిగానే వాదించుకున్నాం. సీజన్లో తీరం పొడుగునా నడిచినవాళ్లకి అవి కనిపిస్తూనే ఉంటాయి. అవి లేకుండా ఉత్త అందమైన తాబేళ్లు పెడితే అబద్ధం చెప్పినట్టే అనిపించింది. పెడుతున్నాం, గుమ్మంలో కాదు, ఆరో స్థానంలో. అది ఎలా చనిపోయిందో ఫోటో చూసి చెప్పలేం, అందుకే కారణం రాయలేదు. తాబేలు ఊపిరి కోసం నీటి పైకి రావాల్సిందేనని, మరపడవ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుందని, వలలోంచి తాబేలు తప్పించుకునేందుకు ఇనుప చువ్వల చట్రం అమర్చే పద్ధతి ఉందని రాశాను. వేటకెళ్లేవాళ్లూ ఈ గోడ ముందు నిలబడతారు. వాళ్లని దోషుల్లా నిలబెట్టే మాట ఒక్కటీ ఉండకూడదని మూడుసార్లు తిరగరాశాను.

అక్టోబర్ 1

నిన్న తగిలించాం. ఫోటో మధ్య భాగం నేల నుంచి 58 అంగుళాలు. 16 అంగుళాల ఎత్తున్న ప్రింటుకి సగం 8 కలిపితే పై అంచు 66. వెనక తీగ లాగినప్పుడు అంచుకి 3 అంగుళాలు కిందకి వస్తోంది కాబట్టి హుక్కు 63 దగ్గర పెట్టాలి. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోవడం వల్ల ఏడూ గంటలో అయిపోయాయి. పైనున్న స్పాట్ లైట్లని కాస్త పక్కకి తిప్పాక ఇసుక రేణువులు కూడా కనిపించాయి.

పొద్దున వెళ్లేసరికి రెండు నేల మీదున్నాయి. వెనక కొక్కేలని నేను డబుల్ టేప్‌తో అతికించాను. రాత్రి ఏసీ ఆగాక మన సముద్రపు చెమ్మకి జిగురు వదిలేసింది. ఒకదాని మూల నలిగింది. వడ్రంగి దగ్గరికి పరిగెత్తి, సన్నటి రీపర్లు కోయించి, ప్రతి బోర్డు వెనకాల చతురస్రంగా ఫెవికాల్‌తో అంటించి, బరువులు పెట్టి, ఆ చెక్కకే కొక్కేలు బిగించాం. సన్‌బోర్డ్ వంగకుండా కూడా ఇదే పనికొచ్చింది. ముందే చేసి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. నలిగిన మూల అలాగే ఉంది, మళ్లీ ప్రింట్ తీసే టైమ్ లేదు.

అక్టోబర్ 5

ఆదివారం, జనం బాగా వచ్చారు. ఎక్కువసేపు ఆగింది నేననుకున్న తల్లి తాబేలు దగ్గర కాదు, జాడ దగ్గర. పిల్లలు క్యాప్షన్ చదివి, దిబ్బలు వెతికి, ఎటు వెళ్లిందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. బీచ్ రోడ్ దీపాల వైపు వంకర తిరిగిన పిల్లల జాడ పక్కనే ఉంది. వెలుతురున్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయని చదివి ఒకావిడ, "మా అపార్ట్‌మెంట్ లైట్లు సముద్రం వైపే ఉన్నాయి, సీజన్లో రాత్రి ఎన్నింటికి ఆర్పాలి?" అని అడిగింది. ఇసుక మీద పడే లైట్లయితే చీకటిపడినప్పటి నుంచి తెల్లారేదాకా ఆర్పమన్నాను, తప్పనిసరైనవాటికి కిందకి తిరిగే డొప్ప వేయించమన్నాను. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లతో మాట్లాడతానంది.

అక్టోబర్ 9

దించేశాం. ప్రింట్ల మధ్య బటర్ పేపర్ పెట్టి, నిలువుగా, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో సర్దాను. తాతని ఏదన్నా ఒకటి అడగమంటే జాడ ఫోటోనే అడిగాడు. వాళ్ల ఇల్లు ఒడ్డునే, ఉప్పుగాలికి మ్యాట్ కాగితం ఆగదు. 12 అంగుళాలది వేరే తీయించి, రెండు వైపులా లామినేషన్ చేయించి ఇచ్చాను. తలుపు పక్కన మేకు కొట్టి తగిలించి, ఇసుక తోసిన వైపుని బట్టి సముద్రం ఎటుండాలో చూసుకుని, ఫోటోని తీసి అవతలి గోడకి మార్చాడు.