నైట్ డ్యూటీ, మెలటోనిన్, మా వాట్సాప్ గ్రూపు

మొన్న మా నర్సింగ్ బ్యాచ్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ పెట్టారు, రాత్రి పదింటికల్లా పడుకోని ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ గ్యారంటీ అని. కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి. పదకొండేళ్లుగా నెలకి పది రాత్రులకి తక్కువ కాకుండా వార్డులో మేలుకుంటున్నదాన్ని, చదవగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది, ఆ తర్వాత కొంచెం భయం కూడా వేసింది. ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు.

మెలటోనిన్‌ని నిద్ర హార్మోన్ అంటారు గానీ, చీకటి హార్మోన్ అంటే ఇంకా సరిపోతుంది. మెదడు మధ్యలో బియ్యపు గింజంత ఉండే పీనియల్ గ్రంథి పొద్దుగూకాక దాన్ని వదలడం మొదలుపెడుతుంది, రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. ఆ టైంలో కంటిమీద గట్టి వెలుతురు పడితే టక్కున తగ్గిపోతుంది. మా నర్సింగ్ స్టేషన్‌లో తెల్లారేదాకా ట్యూబ్‌లైట్లే కదా.

రాత్రిపూట కరెంటు వెలుతురికీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం ఉందేమో అని 1987లో రిచర్డ్ స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త రాశాడు. అప్పటికది అనుమానమే. నన్ను నిజంగా ఆపేసింది మాత్రం 2005లో డేవిడ్ బ్లాస్క్ బృందం చేసిన ప్రయోగం. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల దగ్గర మూడుసార్లు రక్తం తీశారు: పగలు ఒకసారి, నడిరాత్రి చీకట్లో ఒకసారి, నడిరాత్రే లైటు వేసి కాసేపు కూర్చోబెట్టాక ఇంకోసారి. మనిషి రొమ్ము క్యాన్సర్ గడ్డల్ని ఎలుకల్లో పెంచి, ఆ గడ్డల్లోకి ఈ రక్తం ఎక్కించారు. చీకటి రక్తం వెళ్లిన గడ్డల జోరు బాగా తగ్గింది. పగటి రక్తం, లైటు కింద తీసిన రక్తం వెళ్లినవి మాత్రం ఎప్పట్లాగే పెరిగాయి. ఎలుకలో జరిగింది మనిషిలో జరగాలని లేదు, ఆ మాట నేనే అందరికీ చెప్తుంటాను, అయినా ఆ రాత్రి డ్యూటీలో నా తలమీది ట్యూబ్‌లైటు వంక రెండుసార్లు చూశాను.

మనుషుల లెక్కలు ఇంత తేటగా లేవు. అమెరికా నర్సుల మీద 2001లో వచ్చిన అధ్యయనంలో, 30 ఏళ్లు అంతకన్నా ఎక్కువ కాలం పగలూ రాత్రీ మారుస్తూ నైట్లు చేసినవాళ్లకి ముప్పు 36 శాతం ఎక్కువ కనిపించింది (అంటే నూటికి 36 మందికి వస్తుందని కాదు, మామూలుగా ఉండే ముప్పు మీద అంత అదనం). అదే నర్సుల్ని ఇంకొన్నేళ్లు చూసి 2017లో మళ్లీ లెక్కేస్తే ఆ తేడా నిలవలేదు, కానీ వాళ్లకన్నా చిన్నవాళ్లైన ఇంకో నర్సుల గుంపులో, చిన్న వయసులోనే మొదలుపెట్టి 20 ఏళ్లు దాటినవాళ్లలో మాత్రం కనిపించింది. నేను ఇరవై రెండుకే మొదలుపెట్టాను, సరే. 2016లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనమేమో అసలు సంబంధమే లేదంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో నైట్ షిఫ్టుని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వరుసలో పెట్టింది, ఇవన్నీ చూశాక 2019లో మళ్లీ అక్కడే ఉంచింది. మేకమాంసం, గొడ్డుమాంసం లాంటి ఎర్ర మాంసం కూడా ఆ వరుసలోనే ఉంది.

అలాగని మెలటోనిన్ మాత్రలు కొనేసుకోకండి, అవి రొమ్ము క్యాన్సర్‌ని ఆపుతాయని రుజువు లేదు. గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, నైట్లు చేసినా చేయకపోయినా డాక్టర్‌కి చూపించుకోండి, అంతే.

ఫార్వర్డ్‌లో నాకు మండింది వేరే సంగతి. తప్పంతా పడుకోని ఆడదానిదే అన్నట్టు రాశారు. డెన్మార్క్‌లో చాలా ఏళ్లు నైట్లు చేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన దాదాపు 40 మంది ఆడవాళ్లకి, దాన్ని పనివల్ల వచ్చిన జబ్బుగా లెక్కకట్టి 2009 నాటికే పరిహారం ఇచ్చారు. వరుసగా మూడు నైట్లు మించొద్దని 2020లో అక్కడి పరిశోధకులు సలహా ఇచ్చారు. మాకు వరుసగా ఆరు.

ఆ సంగతి మా ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పాను. రోస్టర్ మీంచి తలెత్తకుండా, "నువ్వు మూడే చేస్తే మిగతా మూడూ ఎవరు చేస్తారే తల్లీ" అంది. ఆవిడా ఇరవై ఏళ్లు నైట్లు చేసినావిడే.